కుట్టుపని ట్రేకు ఏ అద్దం? మీ ముందే కోసి ఇస్తే అది టఫెన్డ్ కాదు

అమ్మీ పెళ్లికి ముందు కుట్టుకున్న పూల రుమాలు, నానీ సందూక్‌లో దొరికిన జర్దోజీ ముక్క, కాలేజీ సెలవుల్లో అమ్మాయి వేసిన క్రాస్ స్టిచ్... ఇలాంటివి మన ఇళ్లలో చాలానే ఉంటాయి. ఇదివరకు వీటికి ఫ్రేము కట్టించి గోడకు తగిలించేవారు. ఇప్పుడు వాడుకునేలా చేయించుకునేవాళ్లు పెరిగారు. టీ ట్రే, నికాహ్ రోజు ఉంగరాలు, ఖర్జూరాలు పెట్టే పళ్లెం, హాల్లో సెంటర్ టేబుల్... వీటన్నిటిలో కింద కుట్టుపని, పైన అద్దం.

చూడటానికి చాలా అందంగా ఉంటుంది. కానీ ఫ్రేము షాపులో ఎక్కువమంది అడిగేది చెక్క రంగు, అంచు డిజైన్ గురించే. అద్దం గురించి అడిగేవాళ్లు తక్కువ. షాపువాళ్లు కూడా గోడ ఫ్రేముకు వేసే పల్చటి మామూలు గాజునే ట్రేకు వేసి ఇచ్చేస్తారు. ఇఫ్తార్ వేళ ఆ ట్రే దస్తర్‌ఖాన్ మీదికి వస్తుంది. చుట్టూ పిల్లలు కూర్చుంటారు. వేడి పాత్ర దించుతారు, చెంచా జారి పడుతుంది. ఆ సమయంలో అద్దం పగిలితే ముక్కలు తిండిలో పడతాయి, చేతుల్లో గుచ్చుకుంటాయి. కింద ఉన్న కుట్టుపనీ పాడవుతుంది. గాజు మళ్లీ కొనుక్కోవచ్చు. నానీ చేతి పని మళ్లీ రాదు.

అందుకే వాడే వస్తువుకు ఏ అద్దం వేయించాలి, షాపులో ఏం అడగాలి, మోసపోకుండా ఎలా చూసుకోవాలి అన్నది ఇక్కడ వివరంగా చూద్దాం.

గోడ మీది ఫ్రేముకు, చేతిలోని ట్రేకు తేడా ఏంటి?

గోడకు తగిలించిన ఫ్రేములో అద్దం చేసే పని ఒక్కటే, దుమ్ము పడకుండా ఆపడం. దాని మీద బరువు ఉండదు, వేడి తగలదు, నీళ్లు పడవు. అందుకే 2 మి.మీ. గాజు వేసినా ఏళ్ల తరబడి నడుస్తుంది.

ట్రే సంగతి అలా కాదు. ఆరు కప్పుల బరువు మోయాలి. పొయ్యి మీంచి దించిన కెటిల్ వేడిని తట్టుకోవాలి. టీ ఒలికితే లోపలికి దిగనివ్వకూడదు. రోజూ తుడవాలి, ఎత్తాలి, దించాలి, ఒక్కోసారి సింకు అంచుకు తగులుతుంది కూడా. టేబుల్ అయితే పిల్లలు ఎక్కి కూర్చుంటారు, మోచేతులు ఆనిస్తారు. బరువు, వేడి, తడి, దెబ్బ అనే నాలుగింటినీ దృష్టిలో పెట్టుకుని అద్దం ఎంచుకోవాలి.

మామూలు గాజు ఎందుకు వద్దు?

కిటికీలకు, ఫోటో ఫ్రేములకు వాడే మామూలు గాజు పగిలినప్పుడు పొడవాటి, కత్తిలాంటి ముక్కలుగా విడిపోతుంది. గాయం లోతుగా అవుతుంది. కంటికి కనిపించనంత సన్నటి పెంకులు కూడా రాలతాయి. అవి బిర్యానీలోనో పండ్ల ముక్కల్లోనో పడితే వెతికి తీయడం అసాధ్యం. గుడ్డలో ఇరుక్కున్న పెంకులు దారాలను కోసేస్తాయి. దులిపితే ఇంకా లోపలికి పోతాయి.

రెండో సమస్య వేడి. మామూలు గాజులో ఒకచోట వేడి, పక్కనే చల్లదనం ఉండి, రెంటి మధ్య తేడా సుమారు 40 డిగ్రీలు దాటితే పగిలే ప్రమాదం ఉంది. ఏసీ గదిలో చల్లగా ఉన్న ట్రే మీద మరుగుతున్న చాయ్ కెటిల్ పెడితే ఆ తేడా అంతకంటే ఎక్కువే అవుతుంది. కింద పడకపోయినా, ఎవరూ కొట్టకపోయినా గాజు టప్‌మని చీలిపోవడానికి కారణం ఇదే.

గాజు మందం పెంచితే సరిపోతుందని కొందరు అనుకుంటారు. మందం పెరిగితే బరువు మోసే శక్తి పెరుగుతుంది, అది నిజమే. కానీ పగిలినప్పుడు వచ్చేవి అవే పదునైన ముక్కలు, ఇంకొంచెం మందంగా వస్తాయి అంతే.

టఫెన్డ్ గాజు అంటే?

దీన్నే టెంపర్డ్ గ్లాస్ అని కూడా అంటారు. మామూలు గాజునే ముందుగా కావలసిన సైజుకు కోసి, అంచులు నునుపు చేసి, కొలిమిలో 600 డిగ్రీలకు పైగా వేడి చేస్తారు. బయటికి తీయగానే రెండు వైపులా గట్టిగా గాలి కొట్టి ఒక్కసారిగా చల్లారుస్తారు. పైపొర ముందు గట్టిపడుతుంది, లోపలిది తర్వాత చల్లబడుతూ కుంచించుకుంటుంది. ఆ లాగుడుకు పైపొర ఎప్పుడూ నొక్కుడులో ఉండిపోతుంది. గాజు పగలాలంటే ముందు ఆ నొక్కుడును దాటాలి. అందుకే అదే మందం ఉన్న మామూలు గాజుతో పోలిస్తే ఇది సుమారు నాలుగు రెట్లు బలంగా ఉంటుంది. వేడిలో 200 డిగ్రీల తేడాను కూడా తట్టుకుంటుంది.

పగిలితే మాత్రం మొత్తం ఒకేసారి పగులుతుంది. శనగ గింజలంత చిన్న చిన్న ముక్కలైపోతుంది. కారు పక్క తలుపు అద్దం పగిలి రోడ్డు మీద గుట్టగా పడి ఉండటం అందరూ చూసే ఉంటారు. అదే టఫెన్డ్ గాజు. ఆ ముక్కలతో అసలు గాయమే కాదని కాదు, కానీ మామూలు గాజు చేసేంత లోతైన గాయం అయ్యే అవకాశం చాలా తక్కువ.

దీనికి రెండు బలహీనతలు ఉన్నాయి. ఒకటి అంచు. మధ్యలో గట్టి దెబ్బను కూడా తట్టుకునే ఈ గాజు, అంచు మీద గచ్చు మూల తగిలితే చిన్న దెబ్బకే పూర్తిగా పగిలిపోవచ్చు. కాబట్టి ట్రేలో దీని అంచులు ఎక్కడా బయటికి కనిపించకూడదు, నాలుగు వైపులా చెక్క కప్పి ఉండాలి. రెండోది, తయారీ సమయంలో గాజులో నికెల్ సల్ఫైడ్ అనే అతి చిన్న రేణువు ఉండిపోతే, ఎప్పుడో ఒకరోజు దెబ్బ తగలకుండానే పగలవచ్చు. ఇది అరుదు. కానీ అలా జరిగినప్పుడు భయపడకుండా కారణం తెలిసి ఉండటం మంచిది.

అసలు గుర్తు పెట్టుకోవాల్సిన మాట

టఫెన్డ్ గాజును తయారయ్యాక కోయలేరు, రంధ్రం వేయలేరు, అంచు కూడా అరగదీయలేరు. కోయడానికి చూస్తే ముక్కలైపోతుంది. అందుకే సైజు ముందే చెప్పి ఆర్డర్ ఇవ్వాలి, కొన్ని రోజులు ఆగాలి.

ఒక షాపులో ‘ఇది టఫెన్డే’ అని చెబుతూ, పెద్ద షీటు తీసి మీ ముందే డైమండ్ కట్టర్‌తో గీత పెట్టి, విరిచి ఇచ్చారనుకోండి. అది టఫెన్డ్ కాదు. ఇందులో వాదనకు చోటే లేదు. ఇంకే పరీక్షా తెలియకపోయినా ఈ ఒక్క విషయం తెలిస్తే చాలామంది మోసపోరు.

ఇంకొన్ని గుర్తులు ఉన్నాయి. టఫెన్డ్ గాజు మూలలో సాధారణంగా చెరగని చిన్న ముద్ర ఉంటుంది. మన దేశంలో సేఫ్టీ గాజుకు ఉన్న ప్రమాణం ఐఎస్ 2553, పార్ట్ 1. దాని నంబరు, ఐఎస్ఐ గుర్తు ఉన్నాయేమో చూడాలి. ముద్ర అందం చెడగొడుతుందని తీసేయమని అడగొద్దు. అది ఫ్రేము అంచు కిందికి వచ్చేలా పెట్టించుకోవచ్చు, కాకపోతే బిగించే ముందే ఫోటో తీసి పెట్టుకోవాలి. పోలరైజ్డ్ కూలింగ్ గ్లాసెస్ ఇంట్లో ఉంటే అవి పెట్టుకుని, పగటి వెలుగులో గాజును ఏటవాలుగా తిప్పి చూడండి. టఫెన్డ్ అయితే నీడల్లాంటి చారలు, మచ్చలు కనిపిస్తాయి. అవి లోపం కాదు, గాలి కొట్టి చల్లార్చిన ఆనవాళ్లు.

లామినేటెడ్ గాజు సంగతి

రెండు గాజు పలకల మధ్య పీవీబీ అనే పల్చటి ప్లాస్టిక్ పొర పెట్టి, వేడి, ఒత్తిడితో అతికిస్తారు. కారు ముందు అద్దం ఇదే. రాయి తగిలితే సాలెగూడులా చీలుతుంది గానీ ఊడిపడదు. ముక్కలు ఆ పొరకే అంటుకుని ఉంటాయి.

దీని పుట్టుక కథ కుట్టుపని ఇష్టపడేవాళ్లకు నచ్చుతుంది. ఫ్రాన్సుకు చెందిన ఎడ్వార్డ్ బెనెడిక్టస్ 1903లో తన ప్రయోగశాలలో ఒక గాజు సీసాను పొరపాటున కింద పడేశాడు. అది చీలింది కానీ ముక్కలు విడిపోలేదు. లోపల ఎండిపోయిన సెల్యులోజ్ నైట్రేట్ పొర వాటిని పట్టి ఉంచిందని అర్థమైంది. ఆ ఆలోచనతో 1909లో పేటెంట్‌కు దరఖాస్తు చేశాడు. ఆయన ఒక్క రసాయన శాస్త్రవేత్తే కాదు, బట్టల మీద డిజైన్లు గీసిన చిత్రకారుడు కూడా.

కుట్టుపనికి లామినేటెడ్ చేసే మేలు రెండు రకాలు. ఒకటి, పగిలినా ముక్కలు గుడ్డ మీద పడవు. పొర చిరగనంత వరకు ఒలికిన టీ కూడా కిందికి దిగడం కష్టం. రెండోది, పీవీబీ పొర అతినీలలోహిత కిరణాలను 99 శాతం దాకా ఆపుతుంది. ఎర్ర దారం, ఊదా దారం వెలిసిపోవడానికి ఒక పెద్ద కారణం ఆ కిరణాలే. అలాగని కిటికీ ఎండలో పెట్టొచ్చని కాదు. మామూలు వెలుతురు కూడా నెమ్మదిగా రంగు తీస్తుంది.

లామినేటెడ్‌కు వేడి పడదు. మామూలు గాజు పలకలతో చేసింది కాబట్టి వేడికి మామూలు గాజులాగే చీలుతుంది. ముక్కలు రాలకపోవచ్చు గానీ చీలిక మాత్రం ఖాయం. ఇంకో విషయం, అంచుల దగ్గర తడి తగులుతూ ఉంటే కొన్నేళ్లకు పొర తెల్లబారి విడిపోతుంది. మంచి విషయం ఏంటంటే దీన్ని షాపులోనే కోయవచ్చు. పెద్ద పనుల్లో మిగిలిన కట్ పీసులు ఉంటే చవగ్గా దొరుకుతాయి.

ఆక్రిలిక్ వేస్తే?

ఆక్రిలిక్ షీటు గాజు కాదు, ప్లాస్టిక్. బరువు గాజులో సగం. పిల్లల గదిలో, మంచం తలవైపు, ఉయ్యాల పైన గోడకు పెట్టే ఫ్రేముకు మంచి ఎంపిక. కింద పడినా గాజులా పెంకులు రాలవు.

ట్రేకు మాత్రం సరిపోదు. స్టీలు గిన్నె జరిపితే గీతలు పడతాయి. 100 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది కాబట్టి వేడి హండీ పెడితే మచ్చ పడుతుంది, వంగుతుంది. పొడి గుడ్డతో రుద్దితే విద్యుదావేశం పుట్టి దుమ్మును, కింద వదులుగా ఉన్న దారం పోగులను పైకి లాగుతుంది. ఉన్ని పనికి, కుచ్చులున్న పనికి ఇది ఇబ్బందే. గాజు తుడిచే స్ప్రేలలో అమ్మోనియా ఉన్నవి దీని మీద వాడితే మసకబారుతుంది.

దేనికి ఏది?

వేడి చాయ్, సమోసాలు మోసే ట్రేకు: 4 మి.మీ. టఫెన్డ్. వేడి తట్టుకోవడం ఇక్కడ ముఖ్యం. కెటిల్ కింద చిన్న మ్యాట్ వేయడం ఎలాగూ మంచిదే, గాజు తట్టుకున్నా ఆ వేడి కింద ఉన్న పట్టు దారానికి తగులుతుంది.

నికాహ్ పళ్లెం, మెహందీ పళ్లెం, డ్రైఫ్రూట్స్ పళ్లెం: వేడి పెట్టరు కాబట్టి లామినేటెడ్ బాగుంటుంది. పాత, విలువైన పని అయితే ఇదే ముందు ఆలోచించాలి. పెళ్లి సందడిలో చేతులు మారే వస్తువు కాబట్టి పగిలినా ముక్కలు రాలకపోవడం పెద్ద భరోసా.

సెంటర్ టేబుల్: కనీసం 6 మి.మీ. టఫెన్డ్. ఇంట్లో చిన్న పిల్లలు ఉంటే, ఖర్చు భరించగలిగితే రెండు టఫెన్డ్ పలకలను అతికించిన టఫెన్డ్ లామినేటెడ్ చేయించవచ్చు. అటు వేడికి, ఇటు ముక్కలు రాలకుండా ఉండటానికి రెంటికీ పనికొస్తుంది. ఇది కూడా ముందే సైజు చెప్పి చేయించాల్సిందే.

బరువు కూడా లెక్క వేసుకోవాలి. ఒక చదరపు మీటరు గాజు మిల్లీమీటరు మందానికి రెండున్నర కిలోలు తూగుతుంది. 12 అంగుళాలు, 18 అంగుళాల ట్రేకు 4 మి.మీ. గాజు దాదాపు 1.4 కిలోలు. అదే సైజులో 3 మి.మీ. ఆక్రిలిక్ అర కిలో. 24, 36 అంగుళాల టేబుల్‌కు 6 మి.మీ. గాజు 8 కిలోలు దాటుతుంది. ట్రేలో గాజు, చెక్క, నిండు కప్పులు అన్నీ కలిపి పెద్దవాళ్లు మోయగలరా అని చూసుకోవాలి. హ్యాండిళ్లు పల్చటి అంచుకు మేకులతో కాకుండా, అడుగు చెక్క దాకా స్క్రూలతో బిగించాలి.

గాజు గుడ్డకు తగలకూడదు

గోడ ఫ్రేము అయినా, ట్రే అయినా గాజు నేరుగా కుట్టుపనికి ఆనకూడదు. వేడి, చల్లదనం మారినప్పుడు గాజు లోపలి వైపు సన్నటి తేమ పడుతుంది. ఆ తేమ గుడ్డకు చేరితే బూజు పడుతుంది, రంగు పాకుతుంది. మచిలీపట్నం, నెల్లూరు లాంటి సముద్రం దగ్గరి ఊళ్లలో ఈ సమస్య ఇంకా ఎక్కువ. జరీ, జర్దోజీ పనిలో లోహపు తీగ నల్లబడుతుంది. ముత్యాలు, చమ్కీలు గాజు బరువుకు నలుగుతాయి.

అందుకే అంచుల చుట్టూ గాజుకు, గుడ్డకు మధ్య సన్నటి పట్టీ పెట్టించాలి. షాపుల్లో దీన్ని స్పేసర్ అంటారు. కుట్టులో అన్నిటికంటే ఎత్తుగా ఉన్న పూస ఎంత ఎత్తుందో స్కేలుతో చూసి, దానికి ఇంకో 2 లేదా 3 మి.మీ. కలిపితే పట్టీ మందం వస్తుంది. క్రాస్ స్టిచ్‌కు 3 మి.మీ. సరిపోతుంది. హైదరాబాద్ కార్చోబ్ పనిలో పూలు ఉబ్బెత్తుగా ఉంటాయి కాబట్టి 8 నుంచి 10 మి.మీ. దాకా కావాల్సి రావచ్చు.

కింద ఖాళీ ఉంటే గాజుకు మధ్యలో ఆధారం ఉండదు. బరువంతా నాలుగు అంచుల మీదే పడుతుంది. పల్చటి మామూలు గాజు ట్రేలో పనికిరాకపోవడానికి ఇదీ ఒక కారణం. ఖాళీ వద్దని గాజును గుడ్డ మీదే ఆనించడం తప్పు, ఖాళీ ఉంచి బలమైన గాజు వేయడమే సరైన దారి.

గుడ్డను అమర్చే పద్ధతి

ఫెవికాల్, స్ప్రే గమ్, డబుల్ టేప్ ఏదీ వాడొద్దు. కొన్నేళ్లకు అవి పసుపు మచ్చలై పైకి తేలతాయి, గుడ్డ ఊడి రాదు. అట్ట వెనక్కి గుడ్డ అంచులు మడిచి, ఆ అంచుల్ని అటూ ఇటూ దారంతో లాగి కుట్టాలి. పరుపు తొడుగు బిగించినట్టు సమానంగా లాగాలి. రేపు ఫ్రేము పాడైనా దారం కోసి కుట్టుపనిని చక్కగా తీసుకోవచ్చు.

అట్ట యాసిడ్ లేనిది అడగాలి. మామూలు అట్ట, ఎండీఎఫ్ చెక్క నుంచి నెమ్మదిగా వెలువడే ఆమ్లాలు గుడ్డను పసుపు రంగుకు మారుస్తాయి, జరీని నల్లబరుస్తాయి. అలాంటి అట్ట దొరక్కపోతే గంజి లేని, బాగా ఉతికి ఆరబెట్టిన తెల్ల నూలు గుడ్డను మధ్యలో ఒక పొరగా వేయించాలి. అమర్చే పని వాన రోజుల్లో కాకుండా ఎండ కాసే రోజున పెట్టుకోండి. ఇస్త్రీ చేస్తే పూర్తిగా చల్లారి, తేమ పోయాకే మూయాలి.

ట్రే అయితే గాజు అంచు చుట్టూ సన్నగా సిలికాన్ వేయాలి. లేకపోతే ఒలికిన టీ అంచుల గుండా లోపలికి దిగుతుంది. ఇక్కడొక జాగ్రత్త ఉంది. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది, అది జరీ తీగకు చేటు. న్యూట్రల్ సిలికాన్ అడగండి. అది పూర్తిగా ఆరాకే లోపల కుట్టుపని పెట్టి, వెనక వైపు నుంచి మూయించాలి.

తయారైన ట్రేను ఎప్పుడూ నీళ్లలో ముంచి కడగొద్దు. గుడ్డ తడిపి గట్టిగా పిండి, దానితో తుడిస్తే చాలు. స్ప్రే వాడితే గుడ్డ మీద కొట్టి తుడవాలి, నేరుగా గాజు మీద కాదు.

ఆయత్‌లు ఉన్న కుట్టుపని ట్రేకు వద్దు

బిస్మిల్లాహ్, కలిమా, ఖురాన్ ఆయత్‌లు కుట్టిన గుడ్డలు కూడా చాలా ఇళ్లలో ఉంటాయి. వాటిని ట్రేలోనో టేబుల్‌లోనో పెట్టిస్తే మీద ఎంగిలి కప్పులు పెడతాం, కింద నేల మీద దించుతాం. అదబ్ దృష్ట్యా వాటికి సరైన చోటు గోడ మీద, ఎత్తులో. అక్కడ బరువు, వేడి ఉండవు కాబట్టి రంగు కాపాడే లామినేటెడ్ గాజు గానీ, తేలికైన ఆక్రిలిక్ గానీ వేయించుకోవచ్చు. ట్రేలకు పూలు, తీగలు, జ్యామితి డిజైన్లు ఉన్నవి ఎంచుకుంటే మంచిది.

షాపులో లెక్క, బిల్లు

గాజు ధర చదరపు అడుగుకు, మందాన్ని బట్టి ఉంటుంది. పొడవు, వెడల్పు అంగుళాల్లో గుణించి 144తో భాగిస్తే చదరపు అడుగులు వస్తాయి. 12, 18 అంగుళాలైతే 216. దాన్ని 144తో భాగిస్తే ఒకటిన్నర చదరపు అడుగు. తరచూ షాపుల్లో కొలతను పై అంకెకు తీసుకుని లెక్క వేస్తారు. అందుకే సైజు ఖరారు చేసే ముందు ‘మీరు ఏ అంకెకు లెక్క వేస్తారు?’ అని అడగండి. అర అంగుళం తగ్గించుకుంటే డబ్బు మిగలవచ్చు.

టఫెన్డ్‌కు గాజు ధర కాక టఫెనింగ్ చార్జీ, అంచు పాలిష్ చార్జీ, రవాణా విడివిడిగా వేయవచ్చు. మొత్తం ఎంతో ముందే రాయించుకోవాలి. ఒక్క చిన్న ముక్కకు ఆర్డర్ తీసుకోమంటే ఇరుగుపొరుగు, చుట్టాలు కలిసి నాలుగైదు ట్రేలకు ఒకేసారి ఇవ్వొచ్చు. ఇంకో దారి కూడా ఉంది. సైజు తప్పి మిగిలిపోయిన టఫెన్డ్ పలకలు కొన్ని షాపుల్లో ఉంటాయి. గాజును కోయలేం గానీ చెక్కను కోయగలం కదా. ఆ పలక సైజుకు ఫ్రేమునే చేయించుకుంటే ఖర్చు తగ్గుతుంది.

కొలత చెప్పేటప్పుడు ఫ్రేము లోపలి గాడి కొలతకు నాలుగు వైపులా ఒకటి, ఒకటిన్నర మి.మీ. తగ్గించి చెప్పాలి. బిగుతుగా దూర్చిన టఫెన్డ్ గాజుకు చెక్క ఉబ్బినప్పుడు అంచు మీద ఒత్తిడి పడుతుంది. రంజాన్‌కో పెళ్లికో కావాలంటే రెండు మూడు వారాల ముందే ఆర్డర్ ఇవ్వడం మేలు. ఆఖరి రోజున వెళితే దొరికేది అప్పటికప్పుడు కోసిచ్చే మామూలు గాజే.

బిల్లు మీద ఉత్త ‘గ్లాస్’ అని కాకుండా ‘టఫెన్డ్, 4 మి.మీ.’ లేదా ‘లామినేటెడ్’ అని మందంతో సహా రాయించండి. డబ్బు టఫెన్డ్‌కు తీసుకుని మామూలు గాజు ఇచ్చారని తేలితే ఆ కాగితమే ఆధారం. షాపువాళ్లు మార్చి ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు.

ఇప్పటికే ఇంట్లో ట్రే ఉంటే

ముందు అంచు చూడండి. గాజు పల్చగా ఉండి, మూలల్లో ఎక్కడా ముద్ర లేకపోతే మామూలు గాజుగానే లెక్క వేసుకోవాలి. అది మార్చేదాకా వేడివి, బరువైనవి పెట్టొద్దు, పిల్లల చేతికి ఇవ్వొద్దు. చిన్న గీత గానీ, మూల పెచ్చు ఊడటం గానీ కనిపిస్తే వాడటం ఆపేయాలి. టేపు అంటించి నెట్టుకురావడం ప్రమాదం.

ఎప్పుడైనా గాజు పగిలితే పిల్లల్ని దూరం పంపి, చెప్పులు వేసుకుని పెద్ద ముక్కలు ఏరాలి. మిగిలిన పొడిని తడి కాగితంతో అద్ది తీయాలి. ఆ ట్రేలో, పక్కన మూత లేకుండా ఉన్న తిండి ఏదైనా సరే పారేయాల్సిందే. వృథా చేయడం తప్పని మనకు నేర్పారు, నిజమే. కానీ గాజు పడిందేమోనన్న అనుమానం ఉన్న అన్నం ఎవరికీ పెట్టేది కాదు. కుట్టుపనిని దులపకుండా తలకిందులుగా పట్టుకుని నెమ్మదిగా తట్టి, తర్వాత వెలుతురులో చూస్తూ పట్టకారుతో ముక్కలు తీయాలి.

ఫ్రేము వెనక వైపు మూసే ముందు ఒక చీటీ అంటించమని షాపువాళ్లకు చెప్పండి. కుట్టింది ఎవరు, ఏ సంవత్సరం, లోపల ఏ రకం గాజు, ఎన్ని మిల్లీమీటర్లు అని దాని మీద రాయాలి. ఇరవై ఏళ్ల తర్వాత గాజు మార్చాల్సి వస్తే ఆ ఇంటి పిల్లలకు ఏది అడగాలో తెలుస్తుంది. ఆ పని ఎవరి చేతిదో కూడా తెలుస్తుంది.